కుట్టుకు వదిలిన లెక్క

"రెండు వందల పన్నెండు," అంది పంతులమ్మ, ట్యాబ్‌ని తల్లి ముందుకి నెట్టి. "అక్షరాలా రెండు వందల పన్నెండు పాఠాలు చూశావమ్మా. అందులో రేపటి పరీక్షకి పనికొచ్చేవి ముప్పై ఎనిమిది. మిగతావన్నీ ఏమిటి?"

కత్తెరక్క చూపంతా బల్లమీదున్న కాగితం మీద ఉంది. మధ్యాహ్నం కూతురు పెట్టిన నమూనా పరీక్ష తాలూకు జవాబులవి. పైన ఎర్ర పెన్నుతో పదహారు అని రాసి, దాని చుట్టూ గుండ్రం చుట్టి ఉంది. నూటికి పదహారు. పాసవ్వాలంటే ముప్పై అయిదు రావాలి. అసలు పరీక్ష రేపు ఆదివారం పొద్దున్న పది గంటలకి.

పంతులమ్మ అసలు పేరు ఇంట్లో ఎవరికీ నోట్లో ఆడదు. ఏడో ఏట సుద్దముక్క పట్టుకుని నాయనమ్మకి ఎక్కాలు చెప్పిన రోజున అంటుకున్న పేరు, కాలేజీలో రెండో ఏడాదికొచ్చినా వదల్లేదు. తల్లి పేరూ అలాంటిదే. స్కూలు యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో కటింగ్ బల్ల దగ్గర పందొమ్మిదేళ్ళు నిలబడితే వచ్చిన బిరుదు అది.

"పట్టిక రాసిచ్చానా లేదా? వంటింటి తలుపుకి అంటించానా లేదా? రోజుకొక పాఠం. అన్నిటికీ టిక్కులు కూడా పెట్టావు!"

"చూశానే అవన్నీ," అంది కత్తెరక్క. ఒకటి తప్ప, అనబోయి మింగేసింది.

"చూస్తే పదహారా? ఇదిగో, ఇదేమిటి? 'గుండ్రటి తలాల మీద సరళరేఖలు.' ఇదేమిటి? 'అనంతాల్లో చిన్నవీ పెద్దవీ.' పదో తరగతి పరీక్షలో ఎవరమ్మా నిన్ను అనంతం అడిగేది?"

మూల కుర్చీలో అత్తగారు బటానీలు ఒలుస్తోంది. "అనంతాల్లో కూడా చిన్నా పెద్దా ఉంటాయా?" అంది తలెత్తి.

"ఉంటాయంట అత్తయ్యా," అంది కత్తెరక్క గబుక్కున. అంతవరకూ వాడిపోయి ఉన్న మొహం కాస్త వెలిగింది.

"నాయనమ్మా, నువ్వూరుకో!"

సరిగ్గా అప్పుడు తలుపు తోసుకుని భర్త వచ్చాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఒక బూటు విప్పి, రెండోది విప్పబోతూ ఇంట్లో గాలి ఎటు వీస్తోందో పసిగట్టి ఆగిపోయాడు.

"ఎంతొచ్చింది?"

పంతులమ్మ కాగితం ఎత్తి చూపించింది. ఆయన దాన్ని దూరంగా ఒకసారి, దగ్గరగా ఒకసారి చూశాడు. ఎలా చూసినా పదహారే.

"కార్ఖానాలో పెద్ద కటింగ్ మాస్టారు నెలాఖరుకి మానేస్తున్నారు నాన్నా. ఆ బల్ల అమ్మకి రావాలంటే పదో తరగతి లెక్కల పాసు కాగితం కావాలని మేనేజరు మొహం మీదే చెప్పాడు. లేకపోతే డిప్లొమా చదివిన కుర్రాడెవడో వస్తాడు. మూడేళ్ళ కిందట వచ్చినవాడిలాగే. అమ్మ వాడికి పని నేర్పాలి, నేర్పాక వాడి కిందే నిలబడాలి. ఇదంతా అమ్మకి తెలుసు. తెలిసీ అనంతాలు చూస్తూ కూర్చుంది!"

కత్తెరక్క లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. చేసే పనేమీ లేదు. కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

కాసేపటికి భర్త వెనకే వచ్చాడు, ఒక కాలికి బూటుతోనే.

"నిజం చెప్పు. ఎటు పోయావు?"

"నాకే తెలీడం లేదండీ." కుళాయి కట్టేసింది. "ముందు పట్టికలో ఉన్న వృత్తం పాఠమే తెరిచాను. కింద, 'ఇది అర్థం కాకపోతే ముందు ఇది చూడండి' అని రాసుంది. నొక్కాను. దాని కింద కూడా అలాగే రాసుంది. నొక్కుకుంటూ నొక్కుకుంటూ పోతే, మనుషులు అసలు లెక్కపెట్టడం ఎలా మొదలుపెట్టారు అనే దగ్గర తేలాను. తిరిగి వద్దామని చూస్తే, 'ఇది నచ్చితే అది కూడా చూడండి' అని ఇంకోవైపు ఉంది."

"అదీ నొక్కావు."

"నొక్కాను."

"లిఫ్టులో ఎక్కి అన్ని అంతస్తులూ నొక్కే చంటిపిల్లలాగా."

ఆవిడకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. "పోనీ అందరూ ఒకటే చెబుతారా అంటే అదీ లేదు. ఒక పేజీలో సున్నాని కూడా లెక్కపెట్టే అంకెల్లో కలుపుతారు, ఇంకో పేజీలో కలపరు. ఒకాయన గుణకారానికి ఇంటూ గుర్తు పెడతాడు, ఇంకొకావిడ చుక్క పెడుతుంది, మూడో ఆయన ఏమీ పెట్టకుండా పక్కపక్కన రాసి గుణించానంటాడు. ఎవరి మాట వినాలో తెలీక అందరి మాటా విన్నాను."

"ఎక్కడో ఒకచోట ఆగాలి కదా."

"చివరెక్కడో తెలిస్తే ఆగుదామనే చూశానండీ." గిన్నె బోర్లించి, చేతులు తుడుచుకుంది. "ఒకచోట లెక్కలన్నిటికీ కలిపి పటం గీసిపెట్టారు. రెండు వేళ్ళతో జరుపుతూ పోతే తరగదు. మనం స్కూల్లో పదేళ్ళు చదివేదంతా ఎక్కడుందా అని వెతికాను. ఓ మూల, చొక్కా గుండీ అంత ఉంది. పదో తరగతి తప్పిన రోజు నుంచి, నాకు లెక్కలు రావు అనుకుంటూ బతికాను. మొత్తం లెక్కలే తప్పాననుకున్నాను. నేను తప్పింది ఆ గుండీలోనండీ. దానవతల ఉన్నదాంట్లో నాకెవరూ పరీక్షే పెట్టలేదు."

"మరి సంతోషించాల్సిన మాటేగా?"

"సంతోషమో భయమో తెలిస్తే కదా. పెద్దపెద్దవి అర్థమవుతున్నట్టే ఉంటాయి. ఆ చిన్న గుండీలో కూర్చోబెడితే పదహారు వస్తుంది. నాకేం వచ్చో, ఏం రాదో ఎవరైనా చెబితే బావుండును."

భర్త ఆ బూటు విప్పడానికి స్టూలు మీద కూర్చుని, ముడి ఎంతకీ రాక అలాగే ఉండిపోయాడు.

"అమ్మా!" ముందు గదిలోంచి కేక. "ఒకసారి ఇలా రా. నాన్నా, నువ్వు కూడా."

గొంతులో కోపం లేదు. ఏదో వింత చూసినట్టుంది.

పంతులమ్మ జవాబుల కాగితం మీద వంగి ఉంది. "ఇది చూడు. పొడవు నలభై, వెడల్పు ముప్పై. దీర్ఘచతురస్రం వైశాల్యం ఎంత? నువ్వు పదమూడు వందల నలభై నాలుగు అని రాశావు. ఎలా వచ్చింది?"

"నలభై రెండుని ముప్పై రెండుతో గుణిస్తే వచ్చింది."

"నలభై రెండు ఎక్కడిది?"

కత్తెరక్క కూతుర్ని జాలిగా చూసింది. "అటు ఒకటి, ఇటు ఒకటి. కుట్టుకి వదలవద్దూ?"

అత్తగారు బటానీలు ఒలవడం ఆపి తలెత్తింది.

"అమ్మా. అది గుడ్డ కాదు. ఉత్త దీర్ఘచతురస్రం."

"ఏదైనా కానీ, కుట్టుకి వదలకుండా కత్తిరిస్తే లోపలికి మడిచాక ఏం మిగులుతుంది? తయారయ్యాక నలభై ఉండాలంటే..."

"ఇదిగో, ఇది? తోట చుట్టూ కంచె. ఎనభై మీటర్లకి నువ్వు ఎనభై ఒకటి రాశావు. తోటక్కూడా కుట్టు వదిలావా?"

"రెండు కొసలూ కలిసేచోట ఒకదానిమీద ఒకటి రాకపోతే ఆ సందులోంచి మేక దూరదూ?"

భర్త పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. అత్తగారు నవ్వలేదు. "మేక సంగతి నిజమేగా," అంది.

పంతులమ్మకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. గుండ్రటి బల్ల, నీళ్ళ తొట్టి, గోడకి సున్నం, అలా మొత్తం ఆరు లెక్కలు. ప్రతిదాంట్లోనూ లెక్క చేసిన పద్ధతి సరిగ్గానే ఉంది, కొలతలే ఒక చుట్టు పెద్దవి. కుట్టు తీసేసి మళ్ళీ చేయించింది. కత్తెరక్క పెన్సిలు పట్టుకున్న తీరే వేరు. గీత గీస్తే గుడ్డ తెగుతుందన్నంత జాగ్రత్తగా గీసింది. ఆరుకి ఆరూ ఒప్పు.

"ఒక్కోటి మూడు మార్కులు. పద్ధెనిమిది, పదహారు..." పంతులమ్మ పెదాలు కదిలాయి. "ముప్పై నాలుగు."

"ఒక్కటి తక్కువ," అన్నాడు భర్త. నవ్వు ఆగిపోయింది.

"ఒక్కటేగా, దొరుకుతుంది ఉండు." పంతులమ్మ వేలు కాగితం మీద పరుగెత్తింది. "ఇదిగో! ఇది తప్పు పెట్టడమేంటమ్మా? 'ఏ త్రిభుజంలోనైనా మూడు కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలు. ఒప్పా, తప్పా?' ఇది చిన్నపిల్లలకి కూడా వచ్చు. ఒప్పు అని పెట్టు, ముప్పై అయిదు. పాసు!"

కత్తెరక్క పెన్సిలు కింద పెట్టింది.

"పెట్టమ్మా."

"ఏ త్రిభుజంలోనైనా అని ఉందే," అంది నెమ్మదిగా. "అన్నిటికీ అవదు. నేను చూశాను."

కుట్టుపెట్టె తెచ్చింది. సొరుగులోంచి పాత టెన్నిసు బంతి తీసింది. దాని మీద ఎర్ర దారం గుండుసూదులతో గుచ్చి ఉంది, ఎప్పుడో చేసి దాచుకున్నట్టు. పైనుంచి ఒక దారం కిందికి, నడుము దాకా. అక్కణ్ణుంచి నడుము చుట్టూ పావు వంతు. మళ్ళీ పైకి, మొదలెట్టిన చోటికే.

"మూడు మూలలూ చూడు. ఇది నిలువు, ఇది అడ్డం. చొక్కా జేబు మూలలాగా తొంభై. ఇదీ తొంభై. పైనా తొంభై. మొత్తం రెండు వందల డెబ్భై."

భర్త బంతిని చేతిలోకి తీసుకుని తిప్పాడు. వేలితో మూలలు తడిమాడు. తన తల్లికిచ్చాడు. ఆవిడా తడిమింది. ఇద్దరూ కలిసి పంతులమ్మ వైపు చూశారు.

"అది... అది బంతమ్మా. పరీక్షలో అడిగేది కాగితం మీద త్రిభుజం."

"కాగితం మీద అని రాయలేదుగా. టోపీ కుట్టేటప్పుడు ఆరు ముక్కలు బల్లమీద పరిస్తే మధ్యలో సందులు మిగులుతాయి. ఆ సందులు మూసి కుట్టేస్తే గుండ్రం వస్తుంది. పందొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను. ఎందుకొస్తుందో మొన్ననే తెలిసింది. తెలిశాక, ఒప్పని ఎలా పెట్టను?"

"ఒక్క మార్కు కోసం అబద్ధం ఆడితే ఏం పోతుంది?"

"ఆడితే పాసవుతాను. కానీ ఎవరు పాసైనట్టు? ఇప్పటిదాకా ఏమీ తెలీక తప్పాను. తెలిసింది దాచిపెట్టి పాసవ్వడం ఏమిటో నాకు అర్థం కావడం లేదే. పోనీ నువ్వు చెప్పు. నువ్వు పెద్ద లెక్కలు చదువుతున్నావుగా. ఏది నిజం?"

పంతులమ్మ నోరు తెరిచింది. బంతి వంక చూసింది. నాయనమ్మ చేతిలోంచి దాన్ని తీసుకుని పక్కన పెట్టింది.

"సరే, అది వదిలేద్దాం," అంది చివరికి, కాగితం లాక్కుని. "ఇంకోచోట ఒక్క మార్కు వెతుకుదాం. ఇవన్నీ ఎందుకు పోయాయి? ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ..." వేలు నెమ్మదించింది. "అన్నీ ఒకటే తప్పు. మైనస్‌ని మైనస్‌తో గుణించిన ప్రతిచోటా మైనస్సే వేశావు."

కత్తెరక్క తల దించుకుంది. "ఆ పాఠం చూడలేదు."

"టిక్కు పెట్టావుగా!"

"ఆ రోజుల్లో కూడా అక్కడే పోయానే. టీచరు, ప్లస్ అవుతుంది అంది. ఎందుకు అన్నాను. బయట నిలబెట్టింది. ఆ పాఠం పేరు కనబడగానే పక్కదాన్ని నొక్కేశాను. మిగతావన్నీ చూసి దాని దగ్గరికి వద్దామనుకుంటూ..." అందుకే అన్ని దారులు తిరిగిందని చెప్పాలనుకుంది కానీ, అది నిజమో కాదో ఆవిడకే తేల్లేదు. "నువ్వు చెప్పవే. నువ్వు చెబితే అర్థమవుతుంది. ఎందుకు ప్లస్ అవుతుంది?"

"అది... రూలమ్మా."

"ఎందుకు?"

"రూల్ అంటే రూలే!" అరిచినంత పనిచేసింది. "పోనీ పాఠమే పెడతాను, చూడు."

ట్యాబ్ దగ్గరికి లాక్కుంది. ఇంట్లో నలుగురికీ ఒకటే ఖాతా. చూసిన పాఠాల పట్టికలో ఆ పేరు వచ్చింది. పక్కన, ఎన్నిసార్లు చూశారో అంకె వేసి ఉంది. పంతులమ్మ అరచేయి అడ్డం పెట్టేలోపే కత్తెరక్క చూసేసింది. గుడ్డలో ఒక్క పోగు తప్పినా పట్టే కళ్ళవి.

"పదకొండు సార్లా? నేను ఒక్కసారి కూడా చూడలేదే."

పంతులమ్మ ట్యాబ్‌ని తనవైపు తిప్పుకుంది.

"మీరు చూశారా?" అంది భర్తతో.

"నాకా ట్యాబ్ తెరవడమే రాదు."

అత్తగారు బటానీల గిన్నె ఎత్తుకుని లేవబోయింది. "నన్నేమీ అడక్కండి. చెప్పనని మాటిచ్చాను," అంది. అన్నాక నాలిక కరుచుకుంది.

కత్తెరక్క కూతురివైపు తిరిగింది. పగలంతా ఈవిడ కార్ఖానాలో ఉంటుంది, ఆయన ఏ భవనంలోనో ఉంటాడు. ఇంట్లో ఉండేది అత్తగారొక్కతే. కాలేజీ ఉన్న రోజుల్లో ఉండాల్సింది ఆవిడొక్కతే.

"రెండు వందల పన్నెండూ నావేనా?"

పంతులమ్మ గోళ్ళు చూసుకుంది. "నలభై నావి."

"మరి ఇందాకణ్ణుంచి నామీద..."

"నీమీద అరుస్తుంటే నన్నెవరూ అడగరు కదా!" పంతులమ్మ ట్యాబ్ బోర్లించేసింది. "క్లాసులో సారు బోర్డు దగ్గరికి పిలిచారు. ఎందుకు ప్లస్ అయిందని అడిగారు. రూలన్నాను. అందరూ నవ్వారు. అంత చిన్నది నాకు తెలీదమ్మా. ఎప్పుడూ తెలీదు. బట్టీ కొట్టి ఇంతదూరం వచ్చాను. ఆ రోజు నుంచి పైన చదివిందంతా కుట్లు ఊడినట్టు ఊడిపోయింది. రెండు నెలలైంది లెక్కల క్లాసుకి వెళ్ళి. హాజరు చాల్లేదట. సోమవారం ఇంట్లోవాళ్ళని తీసుకురమ్మన్నారు." మొహం చేతుల్లో దాచుకుంది. "పదకొండోసారి కూడా అర్థం కాలేదమ్మా."

కత్తెరక్కకి కోపం రావాలి. ఎంత వెతుక్కున్నా రాలేదు. తను నిలబడిపోయిన చోటే, పాతికేళ్ళ తర్వాత, కన్నకూతురు నిలబడి ఉంది. ఇద్దర్లో ఎవరు ఎవరికి చెప్పాలి? ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భర్త ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే ఇంట్లో ఇది తెలిసినవాళ్ళు ఎవరూ లేరన్నమాట."

"ఆ సుద్దబిళ్ళ ఇటు తే," అంది అత్తగారు.

ముగ్గురూ ఆవిడవైపు తిరిగారు.

"తెమ్మంటే తేవే అమ్మాయ్. కుట్టుపెట్టెలోది." కత్తెరక్క అందించింది. ఆవిడ బటానీల తొక్కలు పక్కకి తోసి, బల్లమీద నిలువుగా గీత గీసి, మధ్యలో డబ్బా గీసింది. "ఇది వీడి లిఫ్టు. నిమిషానికి రెండంతస్తులు కిందికి దిగుతోంది. ఇప్పుడు ఇక్కడుంది. మూడు నిమిషాలు పోయాక?"

"ఆరు అంతస్తులు కింద," అంది పంతులమ్మ ముక్కు ఎగబీలుస్తూ.

"మూడు నిమిషాల ముందు ఎక్కడుంది?"

పంతులమ్మ చెయ్యి గీతమీద పైకి పాకింది. ఆగింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"ఆరు... ఆరు అంతస్తులు పైన."

"దిగడం ఒక మైనస్సు. వెనక్కి పోయిన నిమిషాలు ఇంకో మైనస్సు. లిఫ్టేమో పైన."

పంతులమ్మ లిఫ్టుని వేలితో దింపింది, ఎక్కించింది, మళ్ళీ దింపింది.

"పాఠంలో లిఫ్టు లేదు నాయనమ్మా. ఎవరో మనిషి నడుస్తుంటాడు."

"వాడి నడక నాకు నచ్చలేదు. అందుకే లిఫ్టు ఎక్కించాను."

"నీకు ఎన్నోసారికి అర్థమైంది?"

"నాలుగోసారికి. నీ పక్కనే కూర్చుని నేనూ చూశానుగా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

అత్తగారు సుద్ద అంటిన వేళ్ళు చీరకి తుడుచుకుంది. "ఈ ఇంట్లో పంతులమ్మవి నువ్వు కదే. నీకు రానిది నాకొచ్చిందంటే నీ మనసు చిన్నబుచ్చుకుంటుందని."

పంతులమ్మ నాయనమ్మ ఒళ్ళో తల పెట్టేసింది. బటానీలు కొన్ని కింద దొర్లాయి. భర్త వంగి ఏరుతూ, విప్పని బూటు సంగతి అప్పుడు గుర్తు తెచ్చుకున్నాడు.

కత్తెరక్క మాత్రం ఆ గీత వంకే చూస్తోంది. దిగుతోందట. వెనక్కట. పైనట. ఆవిడకి సగం దాకా అర్థమైనట్టే అయి, లిఫ్టు తలుపు మూసుకుపోయింది.

"ఇంకోసారి చెప్పండి అత్తయ్యా," అంది బెరుగ్గా.

"చెబుతాను. పది సార్లయినా చెబుతాను. పొద్దుటిదాకా టైముందిగా."

"సోమవారం నీతో కాలేజీకి నేనొస్తాను," అంది కత్తెరక్క, కూతురి వీపు నిమురుతూ. "రేపు నాతో నువ్వు రా. గేటు దాకా చాలు. ఒక్క సంగతి మాత్రం ఇప్పుడే చెప్పు. ఆ మైనస్సులు నా బుర్రకెక్కకపోతే మిగిలేది ముప్పై నాలుగే. రేపు కూడా ఇదే అడిగితే, త్రిభుజానికి ఏం పెట్టమంటావు?"

పంతులమ్మ లేచి కూర్చుంది. కళ్ళు తుడుచుకుని కాగితం ముందుకి లాక్కుంది. ఎర్ర పెన్ను మూత తీసింది. ఇందాక తను పెట్టిన ఇంటూ గుర్తు మీద పెన్ను ఆనించింది. పక్కనే బంతి, దానిమీద ఎర్ర దారం, మూడు మూలలు.

పెన్ను ఎత్తి, మూత పెట్టేసింది.

"తెలీదమ్మా," అంది. ఆ ఇంట్లో ఆ పిల్ల అంత ధైర్యంగా ఆ మాట అనడం అదే మొదలు.